ఇవ్వలేదు

ఆ సోమవారం ఉదయం వైద్య కళాశాల క్రింది అంతస్తులో, నమూనాల సేకరణ గది ఎదుట గోడవారగా వేసిన పొడుగు బల్లమీద కూర్చున్నవారు వరుసగా వీరు: తలుపుకు అతి సమీపంలో, అందరికంటే ముందుగా వచ్చినందుకు గర్విస్తూ, తరగతిలో ‘మైకు’ అని పేరుపడిన పొడుగాటి యువకుడు, అతని పక్కన, మొదటి ర్యాంకు ఎవరికీ వదలని, చేతిలో పుస్తకం లేకుండా ఎక్కడా కూర్చోలేని ప్రథమురాలు, ఆమె తరువాత, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కుని తిరిగే కవల సోదరులు, అందరికంటే చివర, బల్ల చాలనందువల్ల సగం కూర్చుని సగం నిలబడినట్లున్న ‘పొదుపు’. సేకరణ గది నర్సు తలుపు చట్రానికి ఆనుకుని నిలబడి ఉన్నది గనుక ఆమెను కూర్చున్నవారిలో చేర్చడం సరికాదు.

పొదుపు అన్నది ఇంట్లో పెట్టిన పేరు కాదు. పది మాటలు పట్టే సంగతిని రెండు మాటల్లో ముగించి, మిగిలిన ఎనిమిదీ ఎక్కడో దాచుకుంటుందని తోటివారు అంటగట్టిన పేరు. ఆమె దానికి అభ్యంతరం చెప్పలేదు. చెప్పాలంటే మాటలు ఖర్చవుతాయి.

వచ్చే వారం నుంచి ఆ తరగతి మొదటిసారిగా ఆసుపత్రి వార్డులలో అడుగుపెట్టబోతున్నది. ఇంతకాలం పుస్తకాలలోని బొమ్మలతోనూ, గాజుసీసాలలోని అవయవాలతోనూ పరిచయమే తప్ప, నొప్పి అని మూలిగే మనిషితో వారికి పనిపడలేదు. వార్డులోకి వెళ్ళే ప్రతి విద్యార్థీ తన శరీరంలో మత్తుపదార్థమేదీ లేదని మూత్రపరీక్ష ద్వారా ముందుగా నిరూపించుకోవాలన్నది ఆ ఏడు వచ్చిన కొత్త నియమం. అందులో తప్పుపట్టవలసినది లేదు. రోగి మంచం పక్కన నిలబడేవారి తల నిలకడగా ఉండాలని, మందుల అలమర దగ్గర తిరిగేవారి చెయ్యి శుభ్రంగా ఉండాలని కోరడం న్యాయమే. చిక్కంతా ఆ నియమంలోని చివరి వాక్యంలో ఉన్నది. గోడకు అతికించిన కాగితంలోంచి దానిని మైకు వార్తలు చదివినట్లు పైకి చదివాడు.

“‘నిర్ణీత వ్యవధిలో నమూనా ఇవ్వనివారిని నిరాకరించినవారుగా పరిగణించి, ఆ సంవత్సరమంతా వార్డులలోనికి అనుమతింపరు.’ విన్నారా? ఇవ్వకపోతే ఏడాది గాల్లో కలిసినట్టే.”

“ఇవ్వకుండా ఎవరుంటారు?” అన్నది ప్రథమురాలు, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

“ఎవరు రాశారో చూడు. స్కేలు మేడమ్. వాక్యం కూడా గీత గీసినట్టే ఉంది,” అన్నాడు మైకు.

ఫార్మకాలజీ శాఖాధిపతికి ఆ పేరు ఊరికే రాలేదు. నల్లబల్లమీద ఆమె గీసే ప్రతి గీతకూ కొలబద్ద ఉండవలసిందే. ఆమె నడక, చీర అంచు, మందలింపు, మెప్పు అన్నీ కొలబద్ద పెట్టి గీసినట్లే ఉండేవి. ఆమె ఎవరినీ నొప్పించాలని నొప్పించినట్లు గుర్తున్నవారు లేరు. ఎవరికోసమైనా గీత వంచినట్లు గుర్తున్నవారూ లేరు.

మైకు లోపలికి వెళ్ళిన కాసేపటికే చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చాడు.

“అయిపోయింది. ఇంకా కావాలంటే ఇస్తానన్నాను. వద్దన్నారు.”

“ఆ గిన్నె నిండితే చాల్లే, నోరు కూడా నింపక్కర్లేదు,” అన్నది నర్సు. “తర్వాత ఎవరు?”

ఒక్కొక్కరే వెళ్ళి వచ్చారు. అబ్బాయిల వంతు వచ్చినప్పుడు ఒక మగ సహాయకుడు, అమ్మాయిల వంతు వచ్చినప్పుడు నర్సు లోపల ఉండేవారు. పొదుపు వంతు వచ్చేసరికి బల్ల ఖాళీ అయింది.

ఇక్కడ ఒక గృహనియమం గురించి చెప్పాలి. పొదుపు నాయనమ్మ, మనవరాలు బడికి వెళ్ళిన తొలినాటి నుంచి నేటివరకు, “గడప దాటేముందు ఒకసారి దొడ్లోకి వెళ్ళి రావే” అని చెప్పకుండా ఆమెను వీధిలోకి పంపి ఎరుగదు. ఆ ఉదయం కూడా చెప్పింది. మనవరాలు కూడా, తాను ఏ పనిమీద వెళుతున్నదో క్షణమైనా ఆలోచించకుండా, అలవాటు ప్రకారం వెళ్ళి వచ్చింది. బస్సు ఎక్కిన తరువాత గాని చేసిన ఘనకార్యం ఆమెకు తట్టలేదు.

నర్సు ఆమె సంచిని అలమరలో పెట్టి తాళం వేసింది. చేతులు కడిగించి, వెంటనే కుళాయి మీద అంటుపట్టీ అతికించింది. లోపలి తొట్టిలో నీరు నీలంగా ఉన్నది. ఎవరూ అందులోంచి ముంచి మోసం చేయకుండా రంగు కలిపారు. ఆమె కళ్ళముందే కవరు చించి చిన్న ప్లాస్టిక్ గిన్నెను బయటికి తీసి, దాని పక్కనున్న సన్నని పట్టీని వేలితో చూపింది.

“ఇది వెచ్చదనం చూపిస్తుంది. బయటినుంచి తెచ్చి పోసినా పట్టిస్తుంది. ఇదిగో, ఈ గీతదాకా కావాలి.”

ఆ తరువాత తలుపు సగం తెరిచి, అక్కడే నిలబడింది.

“మీరు ఇక్కడేనా, సిస్టర్?”

“ఇక్కడే తల్లీ. ఎదురుగా చూడాలని రాశారు. నాకేమన్నా సరదానా? ఇన్నేళ్ళూ సూదులు గుచ్చి బతికినదాన్ని, ఇప్పుడీ కాపలా ఉద్యోగం వచ్చిపడింది. కానియ్, నేను లేననుకో.”

లేదనుకోవడం సాధ్యం కాలేదు. నర్సు ఊపిరి వినిపిస్తున్నది. ఆమె చెప్పుల కొసలు కనిపిస్తున్నాయి. పొదుపు నీలపు నీటిని చూసింది, పైకప్పును చూసింది, కళ్ళు మూసుకుని మూత్రపిండాల నిర్మాణాన్ని మొదటినుంచి చివరిదాకా మననం చేసుకుంది. శాస్త్రమంతా గుర్తున్నది. ఫలితం మాత్రం లేదు.

“పోనీ, నీళ్ళు తాగి రా. మధ్యాహ్నం భోజనాల గంట దాకా టైముంది,” అన్నది నర్సు.

పొదుపు నీళ్ళు తాగింది. నడవాలో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడిచింది. మళ్ళీ తాగింది. రెండోసారి లోపలికి వెళ్ళినప్పుడు నర్సు, చంటిపిల్లలకు చేసినట్లు, పెదవులు బిగించి ‘ష్‌ష్‌ష్’ అని సన్నగా శబ్దం చేసింది. దానితో పొదుపుకు నవ్వు వచ్చింది, రావలసినది రాలేదు. మూడోసారి వెళ్ళేసరికి కడుపు డోలులా బిగిసింది. నిలబడితే బరువు, కూర్చుంటే భయం.

తన పని ఎప్పుడో అయిపోయినా వినోదం కోసం అక్కడే తిరుగుతున్న మైకు, “నిండుకుండ తొణకదంటారు. నిన్ను చూశాకే పుట్టుంటుంది ఆ సామెత,” అన్నాడు.

“వెళ్ళు,” అన్నది పొదుపు.

“చూశారా సిస్టర్, ఇక్కడ కూడా పొదుపే.”

భోజనాల గంట మోగింది. నర్సు గోడకున్న ఫోను తీసి ప్రిన్సిపాల్ గదికి కలిపింది. ఆమె పొదుపు వైపు జాలిగా చూస్తూనే మాట్లాడింది.

“అందరిదీ అయింది సార్. చివర అమ్మాయి ఒక్కతే. ఇవ్వలేదు సార్... అవును సార్, ఇవ్వలేదు... అలాగే సార్.”

ఫోను పెట్టేసి, “చెప్పాను తల్లీ. మళ్ళీ ఎప్పుడైనా పిలుస్తారులే. బెంగపెట్టుకోకు,” అన్నది.

కళాశాల స్నానాలగదులు ఆ పూట కడగడానికి మూసివేశారు. ఇంటికి వెళ్ళే బస్సు ఆ రోజు ఎక్కిన ప్రతి గతుకూ పొదుపుకు విడివిడిగా తెలిసింది. ఇంటి గుమ్మంలో ఆమె తండ్రి కూర్చుని పాత కుళాయి విప్పుతున్నాడు. నీటి గొట్టాల పని అతని వృత్తి.

“జరుగు నాన్నా,” అని ఆమె అతని మీదుగా దాటి లోపలికి పరుగెత్తింది.

తండ్రి కాసేపు చెవి యొగ్గి విన్నాడు. ఆ తరువాత తల్లివైపు తిరిగి, “అమ్మా, ఈ ప్రెషరు మన వీధి పంపుకి కూడా లేదే,” అన్నాడు.



మంగళవారం ఉదయం నోటీసు బోర్డు ముందు గుంపు ఉన్నది. మైకు మామూలుగా పైకి చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. అతడు ఆగిపోవడం ఆ తరగతిలో ఎవరూ చూసి ఉండలేదు. పొదుపు ముందుకు వెళ్ళి తానే చదువుకుంది. తక్కిన విద్యార్థులందరి నమూనాలూ పరీక్షకు వెళ్ళాయి. ఆమె మాత్రం నమూనా ఇవ్వడానికి నిరాకరించినందున, ఆ సంవత్సరం వార్డులలో అనుమతి లేదు. అభ్యంతరమేదైనా ఉంటే గురువారం పెద్దవారిని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి రావచ్చును.

నోటీసులో కటువైన మాట ఒక్కటీ లేదు. అయినా ఆ పగటికల్లా మాట పాకిపోయింది. నిరాకరించిందంటే ఏదో ఉండే ఉంటుందని కొందరికి అర్థమైంది. ప్రథమురాలు ప్రయోగశాలలో ఆమె పక్కకు జరిగి, నిజమైన సానుభూతితోనే, చెవిలో అడిగింది.

“ఏం వాడతావు? ఎవరికీ చెప్పను.”

“నీళ్ళు,” అన్నది పొదుపు.

ఆ సాయంత్రం ఇంట్లో తండ్రి మొదట నవ్వాడు. “నీళ్ళ పని చేసేవాడి కూతురికి నీళ్ళు రాలేదంటే, రేపట్నించి నన్ను పనికి ఎవరు పిలుస్తారే?” అన్నాడు. నవ్వుతూనే, బల్లమీది రబ్బరు వాషరును చూపుడువేలికి ఉంగరంలా తొడిగి తిప్పడం మొదలుపెట్టాడు. అతనికి భయం వేసినప్పుడు చేతికి ఏదో ఒకటి తిప్పుతూ ఉండాలి. గోడమేకుకు పొదుపు తెల్లకోటు వేలాడుతున్నది. ఇస్త్రీ మడత ఇంకా విరగలేదు.

“నిరాకరించటమంటే ఏంట్రా?” అని నాయనమ్మ అడిగింది.

“ఇవ్వనని మొండికెయ్యటం.”

“ఇది మొండికేసిందా? పుట్టి ఇన్నేళ్ళకి నాకు ఎదురు చెప్పలేదు, గిన్నెకి చెప్తుందా?”

“ఇవ్వలేదని సిస్టర్ చెప్పిందట అమ్మా.”

“నిజమేగా. పాపం, ఇవ్వలేదు. ఆమె చెప్పిందాంట్లో తప్పేముంది?”

వాషరు తిరగడం ఆగింది. “నువ్వు ఏ ‘ఇవ్వలేదు’ అంటున్నావమ్మా?”

“ఎన్ని ఉన్నాయిరా?” అన్నది నాయనమ్మ.

పొదుపు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ఆ మాటను లోపలే రెండుసార్లు పలికి చూసుకుంది. ఒకసారి, తెచ్చి ఇవ్వవచ్చును గాని ఇవ్వలేదు. మరొకసారి, ఎంత ప్రయత్నించినా ఇవ్వలేదు, ఆ పిల్లవల్ల కాదు. రెండింటికీ ఒక్క అక్షరం తేడా లేదు.

“నాన్నా, రెండున్నాయి,” అన్నది.



బుధవారం ఆమె సేకరణ గదికి వెళ్ళింది. పిలవకుండానే మైకు వెంట వచ్చాడు. నర్సు ఖాళీ గిన్నెల కవర్లను పెట్టెలో వరుసగా పేరుస్తూ, విషయమంతా విని, చేతిలోని కవరును కింద పడేసింది.

“నిరాకరించావని నేనెప్పుడన్నాను తల్లీ? నా నోటినుంచి ఆ మాట వస్తే నా నాలుక తెగిపోనీ.”

“ఇవ్వలేదన్నారు కదా, సిస్టర్.”

“అన్నాను. నీవల్ల కాదనేగా అన్నాను. పొద్దున్నించీ నా కళ్ళముందే అల్లాడిపోయావు. కాకపోతే ఆయన ‘ఇవ్వలేదా’ అని అడిగాడు, ‘అవును సార్, ఇవ్వలేదు’ అన్నాను.” ఆమె అక్కడే స్టూలుమీద కూర్చుండిపోయింది. “అయ్యో. ఆయన అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. ఇద్దరం ఒకే మాట అనుకున్నాం.”

మైకు ముఖం వెలిగింది. “ఒక్క నిమిషం సిస్టర్. నేను ఇవ్వలేకపోతే ఏమనేవారు?”

“నువ్వా? నీకు ఆ కష్టమెక్కడిది?”

“అనుకోండి.”

“వాడు ఇవ్వలేడు సార్, అనేదాన్ని.”

“చూశారా? ఇవ్వలేడు అంటే ఇంకో అర్థం రాదు. నేను హాయిగా బయటపడేవాణ్ణి. పొదుపూ, నువ్వు ఆడపిల్లవైపోయి ఇరుక్కున్నావు.”

“తెలివి బాగానే ఉంది,” అన్నది నర్సు. “దాన్ని తీసుకెళ్ళి స్కేలు మేడమ్ ముందు పెట్టు. నిన్ను కూడా గీసిపారేస్తుంది.” అని కొంచెం ఆలోచించి, పొదుపు చెయ్యి పట్టుకున్నది. “రేపు నేను వస్తాను. నా నోటితో జరిగింది నా నోటితోనే చెప్తాను. కానీ తల్లీ, ఒక మాట. నేను చెప్పినా ఆ రూలు అలాగే ఉంటుంది. ఇవ్వనివారు అనే రాసుంది అందులో. ఇవ్వలేనివాళ్ళ గురించి రాయనే లేదు.”

ఆ మాట మైకు నవ్వును కూడా ఆపింది.



గురువారం ప్రిన్సిపాల్ గదిలో టీ కప్పులు సిద్ధంగా ఉన్నాయి. ప్రిన్సిపాల్ పెద్దమనిషి, నెమ్మదైనవారు. ఎవరు ఏ సమస్య చెప్పినా “చూద్దాం” అని సమాధానం చెప్పడం వల్ల విద్యార్థులలో ‘చూద్దాం సార్’ అని ప్రసిద్ధులు. ఆయన కుడివైపు ఫార్మకాలజీ శాఖాధిపతి నిటారుగా కూర్చున్నారు. పొదుపు తండ్రి కుర్చీ అంచున కూర్చుని, గది పక్కనున్న చిన్న స్నానాలగది వైపు తల తిప్పకుండా ఉండడానికి శతవిధాల ప్రయత్నిస్తున్నాడు. అందులో తొట్టి ఎడతెగకుండా కారుతున్నది.

“సిస్టర్, ఆ రోజు మీరు ఫోనులో నాతో ఏమన్నారు?” అని ప్రిన్సిపాల్ ప్రారంభించారు.

“ఇవ్వలేదన్నాను సార్.”

“నేనూ అదే విన్నాను కదా.”

“మీరు ఇవ్వలేదని విన్నారు సార్. నేను ఇవ్వలేదని చెప్పాను.”

ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. అద్దాల వల్ల వినికిడి మెరుగుపడలేదు. “రెండూ ఒకటే కదమ్మా?”

“చెవికి ఒకటే సార్. మీకు తట్టింది, ఇవ్వకుండా పోయిందని. నేను అన్నది, ఇవ్వటం ఆ పిల్లవల్ల కాదని.”

“దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు...” అని తండ్రి గొణిగి, అందరూ తనవైపు చూడగానే, “ఎవరినీ అనటం లేదండీ. సామెత,” అన్నాడు.

స్కేలు మేడమ్ రెండో కప్పు టీ చివరిదాకా తాగి కింద పెట్టారు. “సిస్టర్ చెప్పేది నిజమే అనుకుందాం. అపార్థం జరిగింది. సరే. కానీ నియమం మారదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి, అన్ని నీళ్ళు తాగి, అంతసేపు ఉండి, ఇవ్వలేకపోవడం అనేది ఉండదు. అది శరీరధర్మం. ఉండదు కాబట్టే నియమంలో రాయలేదు. ఒకరికి సడలిస్తే, రేపు నిజంగా తప్పు చేసినవాడు కూడా నావల్ల కాలేదు మేడమ్ అంటాడు. అప్పుడు రోగికి ఎవరు జవాబు చెప్తారు?”

ఆమె ప్రశ్నలో కోపం లేదు. అందువల్ల దానికి సమాధానం చెప్పడం మరింత కష్టమైంది.  ఇంటినుంచి బయలుదేరేముందు తండ్రి కూతురికి ఒక్కటే చెప్పాడు: “అక్కడ మాత్రం పొదుపు చెయ్యకే.” ఇప్పుడు ఆమెవైపు చూశాడు. ఏడాది పోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. తోటివారంతా సోమవారం మొదటిసారి ఒక మనిషి నాడి పట్టుకుంటారు. ఆమె మళ్ళీ గాజుసీసాల దగ్గరికి వెళుతుంది. ఆ పైన ఎక్కడికి వెళ్ళినా, నిరాకరించిన అమ్మాయి అన్న మాట ఆమెకంటే ముందుగా వెళ్ళి కుర్చీలో కూర్చుంటుంది.

“మేడమ్,” అన్నది పొదుపు. “ఆ గదిలో తలుపు తెరిచే ఉంటుంది.”

“తెలుసు. నేనే రాశాను.”

“ఒకరు నిలబడి చూస్తుంటారు.”

“అదీ నేనే రాశాను.”

“రాశారు మేడమ్. మీరు ఎప్పుడైనా ఇచ్చి చూశారా?”

 తండ్రి జేబులో చెయ్యి పెట్టుకుని వాషరు కోసం వెతుక్కున్నాడు. ప్రిన్సిపాల్ ఇబ్బందిగా కదిలి, తనకు తెలిసిన ఏకైక ఉపశమనాన్ని ప్రయోగించారు.

“చూద్దాం, చూద్దాం.”

“అవును సార్,” అన్నారు స్కేలు మేడమ్, కుర్చీలోంచి లేస్తూ. “చూడవలసిందే. చూడకుండా రాయడం పద్ధతి కాదు.”

“మేడమ్, నా ఉద్దేశం అది కాదు...”

“నా ఉద్దేశం అదే. సిస్టర్, పదండి. ఏ మినహాయింపూ వద్దు. కుళాయికి పట్టీ, తెరిచిన తలుపు, ఎదురుగా మీరు. నేను రెండు కప్పుల టీ తాగాను, ఈ అమ్మాయి కంటే నాకే సౌకర్యం ఎక్కువ.” ఆమె పొదుపు వైపు తిరిగారు. “పావుగంట పట్టదు. తిరిగి వచ్చి, సాధ్యమేనని చెప్తాను. అప్పుడు నీకు అభ్యంతరం ఉండకూడదు.”

“ఉండదు మేడమ్.”

వారిద్దరూ వెళ్ళారు. నడవాలో స్కేలు మేడమ్ అడుగుల చప్పుడు సమాన దూరాలలో వినిపించి ఆగిపోయింది.

గదిలో మిగిలిన ముగ్గురికీ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. కారుతున్న తొట్టి మాత్రం మాట్లాడుతూనే ఉన్నది. చివరకు తండ్రి ఉండబట్టలేకపోయాడు.

“సార్, ఆ తొట్టి ఎన్నాళ్ళనించి అలా పోతోందండీ?”

“చాలా కాలమైంది. చూద్దామని అనుకుంటున్నాను.”

“నన్ను చూడమంటారా?”

“ఇప్పుడు వద్దండి. నీళ్ళ చప్పుడు ఆగిపోతే నాకు ఇంకా భయం వేస్తుంది.”

ఇద్దరూ నవ్వారు. పొదుపు నవ్వలేదు. పావుగంట అయింది. ప్రిన్సిపాల్ మరొక టీ తెప్పించారు. ఆ టీ కూడా చల్లారింది. గోడ గడియారం వైపు ఎవరూ నేరుగా చూడకుండా అందరూ చూస్తూ ఉన్నారు. ఆలస్యమయ్యేకొద్దీ పొదుపుకు ఆశ కలగవలసింది. కాని, ఆ సగం తెరిచిన తలుపు, నీలపు నీరు, ఎదురుగా చెప్పుల కొసలు గుర్తుకు వచ్చి, ఆమెకు మేడమ్ మీద జాలి కలిగింది.

ఫోను మోగింది. ప్రిన్సిపాల్ ఉలిక్కిపడి ఎత్తారు. నర్సు గొంతు సహజంగానే పెద్దది. ఆ నిశ్శబ్దంలో గదికంతటికీ వినిపించింది.

“మేడమ్ ఇవ్వలేరు సార్.”

“ఇవ్వలేరా? పాపం. సరే, రమ్మనండి,” అని ప్రిన్సిపాల్ ఫోను పెట్టేశారు. పెట్టేసిన చెయ్యి దాని మీదే ఉండిపోయింది. ఆయన పెదవులు ఏదో మాటను నెమ్మదిగా వెనక్కు లాగి చూసుకున్నాయి.

“లేరు,” అన్నారు.

“మేడమ్‌కి ‘రు’. నాకు ‘దు’,” అన్నది పొదుపు.

ప్రిన్సిపాల్ ఆమెవైపు తిరిగారు. “మేడమ్ సంగతి నాకు ఒక్క మాటకే అర్థమైంది. ఇంకోసారి అడగను కూడా అడగలేదు. సిస్టర్ గౌరవంగా చెప్పింది కాబట్టి, తేడా చెవికి తెలిసింది. నిన్ను గౌరవించి ఎవరూ ‘ఇవ్వలేరు’ అనరు కదా. చిన్నపిల్లవి.” ఆయన చల్లారిన టీని పక్కకు నెట్టారు. “నీకొక అక్షరం గౌరవం తక్కువైంది, తల్లీ. దానికి నేను ఏడాది వేసేశాను.”

స్కేలు మేడమ్ లోపలికి వచ్చారు. నిటారుగానే వచ్చారు. చేతిలోని గిన్నెను ప్రిన్సిపాల్ బల్లమీద, అందరికీ కనిపించే చోట పెట్టారు. అది కవరులోంచి తీసినప్పుడు ఎంత పొడిగా ఉండిందో అంత పొడిగానూ ఉన్నది.

ప్రిన్సిపాల్ స్వభావసిద్ధమైన దయతో ఆమెకు ఒక దారి చూపబోయారు. “పొద్దుటినుంచి క్లాసులు మేడమ్, అలసట... పైగా వయసు కూడా...”

“అలసట లేదు. వయసు కాదు. మా ఇంట్లో నాకు ఏ ఇబ్బందీ లేదు.” ఆమె ఒక్కొక్క మాటనూ విడదీసి పలికారు. “సిస్టర్ చూస్తున్నారు. అంతే. ఇవ్వాలనే వెళ్ళాను. ఇవ్వాలనే నిలబడ్డాను. ఇవ్వలేకపోయాను. ఇన్నేళ్ళుగా పాఠం చెప్పే శరీరధర్మం ఆ గదిలో నా మాట వినలేదు. సిస్టర్ పక్కకి తిరుగుతానన్నారు, నేనే వద్దన్నాను. తిరిగితే ఇది పరీక్ష కాదు.”

“మరి ఇప్పుడు ఏం చేద్దామంటారు?”

“నా నియమం ప్రకారం నేనిప్పుడు నిరాకరించినదాన్ని. ఈ ఏడాది వార్డులోకి నేను కూడా వెళ్ళకూడదు. అలాగే నమోదు చేయండి. లేదంటే, ఇవ్వలేకపోవడం వేరు, ఇవ్వకపోవడం వేరని ఒప్పుకుని ఆ వాక్యాన్ని తీసేయండి. నాకొక నియమం, ఈ అమ్మాయికి ఒక నియమం ఉండడానికి మాత్రం నేను ఒప్పుకోను.”

“చూద్దాం...”

“చూశాం సార్,” అన్నారు స్కేలు మేడమ్.

అప్పటికప్పుడు, బల్ల దగ్గర నిలబడే, ఆమె కొత్త వాక్యాన్ని చెప్పగా ప్రిన్సిపాల్ రాసుకున్నారు. నర్సు తలుపు బయట ఉండాలి. నమూనా ఇవ్వలేకపోయినవారిని మరొక రోజు రమ్మనాలి. అప్పటికీ కాకపోతే రక్తమో, ఉమ్మో తీసుకుని పరీక్షించాలి. ఇవ్వనని స్వయంగా తన నోటితో అన్నవారినే నిరాకరించినవారిగా ఎంచాలి. పరీక్ష మాత్రం ఎవరికీ తప్పదు. ఆ చివరి మాటను ఆమె రెండుసార్లు చెప్పి, రెండుసార్లూ పొదుపు వైపు చూశారు. పొదుపు తల ఊపింది. రోగికి జవాబు చెప్పవలసినవారు ఎవరన్న ప్రశ్న మీద వారిద్దరికీ మొదటినుంచీ భేదాభిప్రాయం లేదు.

“ఒకటి అడగనా మేడమ్?” అన్నాడు తండ్రి, గుమ్మం దగ్గర ఆగి. “లోపల ఉన్నంతసేపూ ఏం ఆలోచించారండీ?”

స్కేలు మేడమ్ కొంచెం తటపటాయించారు. ఆమె పెదవుల కొసన, ఆ కళాశాలలో ఎవరికీ పరిచయం లేనిదొకటి కదిలింది.

“సిస్టర్ చెప్పులు,” అన్నారు. “ఎడమదాని పట్టీ తెగింది. కొత్తవి కొనుక్కోమని చెప్పాలి.”

శుక్రవారం ఉదయం మూసిన తలుపు వెనక పొదుపు గిన్నెను గీతకు పైదాకా నింపింది. నర్సు మూత బిగించి, పట్టీ అతికించి, ఆమె చేత దానిమీద సంతకం చేయించింది. ఫోనులో మాత్రం ఆమె చాలా జాగ్రత్తపడింది.

“ఇచ్చారు సార్. అమ్మాయిగారు ఇచ్చారు. ఇచ్చేశారు.”

ఫలితం నిష్కళంకంగా వచ్చింది. సోమవారం ఉదయం పొదుపు తెల్లకోటు మడత విరిచి తొడుక్కుని, తక్కినవారితోపాటు వార్డులోకి వెళ్ళి, మొదటి మంచంమీది ముసలమ్మ నాడి పట్టుకున్నది. “ఏం పేరమ్మా నీది?” అని ముసలమ్మ అడిగితే, వెనకనుంచి మైకు ఏదో చెప్పబోయాడు. ఎవరూ వినలేదు.

ఆ వారాంతంలో జరిగిన అధ్యాపకుల సమావేశంలో ప్రిన్సిపాల్ లేచి నిలబడి, ఆనాటి కార్యక్రమ పట్టికలో లేని విషయాన్ని ఒకదానిని ప్రస్తావించారు. ఆయన ఆ మాటలను ముందుగా రాసుకుని వచ్చారు.  ఆ మాటలివి:

“ఫార్మకాలజీ శాఖాధిపతిగారు తాము రచించిన నియమానికి తామే లోబడి పరీక్షకు నిలబడ్డారు. లోపల జరిగినది చెప్పకుండా ఉండేందుకు వారికి సర్వావకాశాలూ ఉండగా, ఖాళీ పాత్రను తమ చేతులతో తెచ్చి, ఒక విద్యార్థిని సమక్షంలో, ‘ఇవ్వలేకపోయాను’ అని పలికారు. ఆ ఒక్క మాట వల్ల ఈ కళాశాల ఒక అన్యాయం నుంచి బయటపడింది. అందుకు వారికి ఈ సభ సవినయంగా, ఏకగ్రీవంగా తన కృతజ్ఞతను సమర్పిస్తున్నది.”